చదివి వినిపించడమైనది

నరసరావుపేట కోర్టు ఆవరణలో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. మద్రాసు దొరల లా ఆఫీసొకటి ఇక్కడ మేడ మీద ఉండేదని, అందులో పెద్ద గుమాస్తా సిమెంటు కంపెనీ దగ్గర చెయ్యి తడుపుకొని ఒక ముసలమ్మ చేనంతా రాయించేశాడని, ఆమె ఉసురు తగిలి కాలూ చెయ్యీ పడిపోయి చచ్చాడని. చెప్పేవాళ్ళలో సగంమంది అప్పటికి పుట్టలేదు. మిగతా సగంమంది ఆ మేడ మెట్లు ఎక్కలేదు. నేను ఎక్కాను, ఏళ్ళ తరబడి రోజూ ఎక్కాను. ఆయన చెయ్యి తడుపుకోలేదు. ఆయన చెయ్యి పడిపోనూ లేదు. తాలూకా ఆఫీసు వరండాలో అర్జీలు రాసుకుంటూ ఏడెనిమిదేళ్ళు బతికి, అందరికీ వచ్చే జ్వరమే వచ్చి పోయారు. ముసలమ్మ చేను పోయిన మాట మాత్రం నిజం. అది ఎలా పోయిందో తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ, మద్రాసులో పింఛను తింటున్న ఒక సొలిసిటరూ. ఆయన చెప్పడు. కాబట్టి నేను చెబుతాను.

మా నాన్న మిషన్ హైస్కూల్లో పంతులు. నన్ను గుంటూరు పంపి బి.ఏ. చదివించింది నన్నూ పంతులమ్మను చెయ్యటానికే. పిల్లల మీద అరుస్తూ బతకటం నా వల్ల కాదన్నాను. "ఇంట్లో అందరి మీదా ఊరికే అరుస్తావు గదే, దానికి జీతమిస్తామంటే ఏంది బాధ" అన్నది మా అమ్మ. ఆ రోజుల్లోనే, యాభైల చివర్లో, కోర్టు దగ్గర నూనె కొట్టు మీది మేడను ఒక లా ఆఫీసు అద్దెకు తీసుకుంది. దానికి తల లండన్‌లో ఉండేది, మొండెం మద్రాసులో. మా మేడ దాని చిటికెనవేలు. దాచేపల్లి చుట్టుపక్కల సున్నపురాయి పొలాలు కొంటున్న ఒక సిమెంటు కంపెనీ ఆ ఆఫీసుకు కక్షిదారు. పొలాల హక్కులు పరిశీలించటం, దస్తావేజులు రాయించటం మా పని. తెలుగు కాగితాలు ఇంగ్లీషులోకి మార్చి టైపు కొట్టే మనిషి కావాలన్నారు. నాకు రెండూ వచ్చు. చేరాను.

మేడ మీద ఉండేది ముగ్గురం. మద్రాసు నుంచి వచ్చిన సొలిసిటరును దొర అనేవాళ్ళం. తెల్లవాడు కాదు, తమిళుడే. రోహిణికార్తెలో కూడా కోటు విప్పడు గనక దొర. ఇంకొకరు పెద్ద గుమాస్తా. ముప్ఫై ఏళ్ళు ఇక్కడి వకీళ్ళ దగ్గర నలిగిన మనిషి. క్రోసూరు నుంచి మాచర్ల దాకా ఏ చేనుకు ఏ పక్క ఎవరిదో చెప్పగలిగేవారు. చెప్పులు కిందనే విడిచి మేడెక్కేవారు. ఆఫీసులో జోళ్ళు వేసుకోవాలని దొర రెండుసార్లు చెప్పి మానుకున్నాడు.

ఆ ఆఫీసులో మాటకు విలువ లేదు, రాసింది ఉంటేనే అది జరిగినట్టు. ఎవరు వచ్చారు, ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, ఏం అడిగారు, అన్నీ చీటీ మీద ఎక్కాలి. ప్రతి కాగితం కింద ఎడమ మూలన అది చెప్పినవారి పొడి అక్షరాలు, కొట్టినవారి పొడి అక్షరాలు ఉండాలి. దిద్దుబాటుతో ఒక్క ఉత్తరం కూడా బయటికి పోకూడదు. గట్టిగా నవ్వకూడదని ఎవరూ చెప్పలేదు కాని, నవ్వితే దొర తలెత్తి చూసేవాడు. ఆ చూపుకు నేను చాలా గర్వపడేదాన్ని. ఊళ్ళో వకీళ్ళ ఇళ్ళల్లో కక్షిదార్లు అరుగుల మీద చుట్టలు కాలుస్తుంటే, మేము లండన్ పద్ధతిలో ఉన్నామని.

భోజనాలయ్యాక రోజూ సరిచూసేవాళ్ళం. అంటే ఒకరు అసలు కాగితం పైకి చదవాలి, రెండోవారు నకలు మీద వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. గుమాస్తాగారు చదివేవారు. ఉగాదినాడు పంచాంగం చదివినట్టు, ఊపిరి తీసుకోకుండా, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. ఆయనది కోర్టు ఇంగ్లీషు. అక్షరం తప్పు పోయేది కాదు. ఆ చదివేదాంట్లో ఆయనకు అర్థమయ్యేది ఎంతో నేనెప్పుడూ అడగలేదు. టైపు మిషన్ను అడుగుతామా.

"అమ్మాయ్, ఈ దొరలు ఒక్క ముక్క చెప్పటానికి ఆరు కామాలు పెడతారు. మన వకీళ్ళు ఆరు పేజీలకీ ఒక్క కామా పెట్టరు. కక్షిదారుకి అర్థం కాగూడదనే కాడ మాత్రం ఇద్దరూ ఒకటే" అన్నారొకసారి. నేను నవ్వాను. దొర తలెత్తాడు.

ఆ ముసలమ్మ దాచేపల్లి అవతల పల్లె నుంచి బస్సు దిగి వచ్చింది. డెబ్భై దగ్గరి మనిషి, మొగుడు లేడు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. కుర్చీ చూపిస్తే గోడకానుకొని నేల మీద కూర్చున్నది.

"ఎంత అమ్ముతున్నావు అవ్వా?" అని అడిగారు గుమాస్తాగారు.

"రాళ్ళ ముక్క. వాగుకి ఇవతలది. దాంట్లో గడ్డి గూడా మొలవదబ్బాయ్. రాళ్ళు కొనేవాడొకడు దొరికినాడంటే ప్రభువే పంపినాడనుకున్నా."

"మరి అవతలదో?"

"అవతలిది ఎందుకిస్తాను? నల్లరేగడి. బావి ఉంది దాంట్లో. అదిచ్చేసి ఏం తినాల, మీ దొరగారి కోటా?"

గుమాస్తాగారు నవ్వుకుంటూ రాసుకున్నారు. వెల గుత్తగా కుదిరింది, ఎకరాల లెక్క లేదు. ఇక్కడి దస్తావేజుల్లో చేనుకు నాలుగు దిక్కులా హద్దులు రాస్తారు. దాన్ని చెక్కుబందీ అంటారు. ఆయన రాసిన చెక్కుబందీలో పడమర అన్నచోట వాగు అని ఉంది. ఆ ఒక్క మాట ఉంటే చాలు, అవతలి చేనుకు ఏ ఢోకా లేదు.

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి దొర ముందు పెట్టాను. దొర ఎర్ర పెన్సిలు తీసి హద్దులన్నీ కొట్టేశాడు. సర్వే నంబరు ఒక్కటే ఉంచాడు. ఒకే భూమిని రెండు రకాలుగా వర్ణిస్తే, రేపు కోర్టులో ఆ రెండూ ఒకదానితో ఒకటి తగాదా పడతాయని, మద్రాసుకు ఒక్క వర్ణనే కావాలని వివరించాడు. అది నాకు చాలా తెలివైన మాటగా తోచింది. పాత దస్తావేజుల్లో ఫలానావారి గడ్డివామి, ఫలానావారి పుట్ట అని చదివి నవ్వుకునే వయసు నాది. సర్వే నంబరు అనేది శుభ్రంగా, ఇంగ్లీషులాగా ఉండేది.

చిక్కు ఏమిటంటే, వాగుకు ఇవతలి రాళ్ళూ అవతలి నల్లరేగడీ కలిపి ఒకటే సర్వే నంబరు.

గుమాస్తాగారికి అది తెలుసు. ఆఫీసు పద్ధతి ప్రకారం అనుమానం ఉన్నచోట చీటీ రాసి గుండుసూదితో గుచ్చాలి. ఫైలు అట్ట మీద ఆ అనుమానాల పట్టీ ఉంటుంది. ఒక్కొక్కటీ తీరినప్పుడు, తీర్చినవారు దానికెదురుగా పొడి అక్షరాలు వెయ్యాలి. ఆయన తెలుగులో పెన్సిలుతో రాసి గుచ్చారు: "వాగుకు పడమటి ముక్క మినహా. రెంటికీ నంబరొకటే. సర్వేయరు చేత విడగొట్టించాలి." అది గుచ్చి వేరే పొలాల రికార్డులు చూడటానికి గురజాల వెళ్ళి వారం రోజులు అక్కడే ఉండిపోయారు.

ఆ వారంలోనే ఫైలు మద్రాసు సంచిలో పోవాలి. సంచి గురువారం కట్టేవాళ్ళం. చీటీలున్న ఫైలు మద్రాసుకు పంపకూడదు. పంపితే ఎర్ర సిరాతో వెనక్కి వస్తుంది. అది మా దొరకు చావుతో సమానం. చీటీ సంగతి ఏం చెయ్యమంటారని అడిగాను.

"విడగొట్టించాలంటే మూడు నెలలు పడుతుంది. సర్వే నంబరు రాశాం కదా, ఆ ప్రశ్నకు అదే జవాబు. తీసెయ్" అన్నాడు.

అది జవాబు కాదని నాకు తెలుసు. తెలియదని నేనిప్పుడు అంటే వయసు పెరిగే కొద్దీ అబద్ధాలు నేర్చినట్టు. తెలుసు. సూది లాగి, చీటీ చింపి, పట్టీలో నా రెండక్షరాలు వేశాను.

గుమాస్తాగారు తిరిగొచ్చి ఫైలు మద్రాసు పోయినట్టు ఖాతాలో చూసి, "అమ్మాయ్, ముసలమ్మ చీటీ ఏమయింది?" అన్నారు.

"దొరగారు చూశారండి."

"విడగొట్టిస్తారంటనా?"

"మద్రాసు వాళ్ళు చూసుకుంటారు."

ఆ మాట ఎవరూ నాతో అనలేదు. నేనే కల్పించాను. ఆయన సరేనని పక్క ఫైలు తీసుకున్నారు. లండన్‌లో తల ఉన్న ఆఫీసు చూసుకుంటుందంటే, ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి కూడా నమ్మాడు. నేను చెప్పాను గనక నమ్మాడు.

మూడు వారాలకు దస్తావేజు మందపాటి కాగితం మీద ఇంగ్లీషులో వచ్చింది. ముసలమ్మను పిలిపించాం. ఆ రోజు గుమాస్తాగారు మాచర్లలో ఉన్నారు. దస్తావేజు ఇంగ్లీషులో ఉంటే, తెలిసినవారు దాన్ని తెలుగులో చదివి చెప్పి, అలా చెప్పినట్టు కింద సంతకం చెయ్యాలి. ఆ పని నాది. చదివాను. ఫలానా సర్వే నంబరులోని భూమి యావత్తూ అని చదివాను. ఆమె శ్రద్ధగా, చర్చిలో వాక్యం విన్నట్టు, ముసుగు సర్దుకొని విన్నది. చివరికి అడిగింది.

"అంతా వాగు దాకే గదమ్మా?"

నేను దొర వైపు చూశాను. దొర గడియారం వైపు చూశాడు. కింద రిజిస్ట్రారు ఆఫీసుకు పోయే జీపు సిద్ధంగా ఉంది.

"రాసినంతవరకే అవ్వా" అన్నాను.

"ఇంకేంది మరి. మన పంతులుగారి బిడ్డవి, చదివినదానివి" అని వేలు చాపింది. నేనే సిరా అద్దాను. ఆ వేలిముద్ర కింద నా సంతకం: పై దస్తావేజును తెలుగులో చదివి వినిపించి వివరించగా, ఆమె పూర్తిగా గ్రహించి సమ్మతించినది. చదివి వినిపించిన మాట నిజం. ఆ వాక్యంలో మిగతాదంతా అబద్ధం. మధ్యాహ్నం దొరా నేనూ ఆ నకళ్ళు కామా కామాకూ సరిచూశాం. ఒక్క తప్పు లేదు. ఇంగ్లీషుతో ఇంగ్లీషు సరిపోయింది. ఆమె చెప్పినదానితో దాన్ని సరిచూసే పద్ధతి మా దగ్గర లేదు.

తొలకరికి ఆమె కంది చల్లటానికి వాగు దాటితే, చేలో కంపెనీ హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు. మర్నాడు పదింటికల్లా మేడ మీద ఉన్నది. నన్ను చూడలేదు. నేరుగా గుమాస్తాగారి బల్ల దగ్గరికి పోయింది.

"ఏందబ్బాయ్ ఇది. నా చేలోకి నన్నే రానియ్యటంలా."

ఆయన ఫైలు తీయించారు. అట్ట మీది పట్టీ చూశారు. నా రెండక్షరాల మీద ఆయన వేలు ఆగింది.  ముసలమ్మ అప్పుడు నా వైపు తిరిగి, "నువ్వే గదమ్మా చదివింది" అన్నది. తిట్టినా బాగుండేది. గుర్తు చేసింది, అంతే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతొకటుంది. ఆమె తరఫున మద్రాసుకు నోటీసు పంపించింది గుమాస్తాగారే. తను అంతకుముందు పనిచేసిన వకీలు దగ్గరికి ఆమెను తీసుకుపోయి, తను జీతం తింటున్న ఆఫీసు మీదే నోటీసు రాయించారు. చేను వెనక్కి రావాలని ఆయనకంత పట్టుదల ఉండేది. చెయ్యి తడుపుకున్న మనిషి చేసే పనేనా ఇది? కోర్టు ఆవరణలో కబుర్లు చెప్పేవాళ్ళు ఈ ముక్కకు జవాబు చెప్పాలి.

నోటీసు అందాక మద్రాసు నుంచి పెద్ద భాగస్వామి వచ్చాడు. అతను నిజంగానే తెల్లవాడు, సన్నటి మనిషి, చాలా మర్యాదస్తుడు. నాకు కుర్చీ లాగి వేశాడు. ముసలమ్మను పైకి పిలవలేదు. ఆమె కింది మెట్టు మీద కూర్చున్నది. దొరా, గుమాస్తాగారూ, నేనూ అతని ముందున్నాం. తెల్లాయనకు తెలుగు రాదు గనక మధ్యలో మాట మార్చి చెప్పేది నేనే. నా తప్పు విచారణకు నేనే దుబాసీని.

అతను ఫైలంతా తిప్పి చూసి, తల ఎత్తకుండా, నెమ్మదిగా దొరతో ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు. ఈ అనుమానాన్ని మన సలహా మీద తీసేసి ఉంటే తప్పు మన ఆఫీసుది, అప్పుడు ఆ ముక్క ఆమెకు తిరిగి రాసివ్వమని నేను కంపెనీకి చెప్పక తప్పదు, కంపెనీ నా మాట కాదనదు. ఇదీ అన్నది. దొర ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తర్వాత నా వైపు తిరిగి, ఈ చీటీ ఎలా తీసేశారో గుమాస్తాగారిని అడగమన్నాడు. ముందు అన్నది దొరతో అన్న మాట. దాన్ని తెలుగులోకి మార్చి చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు. ప్రశ్న మాత్రం చెప్పాను.

"ఆ చీటీ ఎట్లా తీసేశారని అడుగుతున్నారండి."

గుమాస్తాగారు పట్టీ వైపు చూశారు. దొర వైపు చూశారు. దొర కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. నా వైపు చూశారు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఎలా కనిపించానో నాకు తెలియదు.

"నేనే తీయించినానండి. పట్టీలో ఆ సంతకం గూడా అమ్మాయి చేత నేనే పెట్టించినాను. ఆమెకేం తెలవదు" అన్నారు.

అతను నా వైపు చూశాడు. నేను మార్చి చెప్పాను. ఆయన అన్నది అన్నట్టే, పొల్లు పోకుండా, మంచి ఇంగ్లీషులో. ఆ వారమంతా ఆయన గురజాలలో ఉన్నట్టు హాజరు పుస్తకంలో ఉంది. పుస్తకం బల్ల మీదే ఉంది. దాన్ని ఎవరూ తెరవలేదు. దొర తెరవలేదంటే అతని బతుకు అతనిది. నేనెందుకు తెరవలేదంటే, నా బతుకు నాది.

తెల్లాయన ఊపిరి వదిలాడు, బరువు దిగినట్టు. స్థానిక గుమాస్తా నిర్లక్ష్యం, ఆఫీసు సలహాకు సంబంధం లేదు, దస్తావేజు మీద చదివి వినిపించిన సంతకం సక్రమంగా ఉంది, కాబట్టి దస్తావేజు చెల్లుతుందని తేల్చాడు. గుమాస్తాగారిని ఆ రోజే తీసేశారు. ఆయన బల్ల సొరుగులోంచి కలం, ముక్కుపొడుం డబ్బీ తీసుకొని దిగిపోయారు.

కిందికి వెళ్ళి ముసలమ్మకు చెప్పే పని కూడా నాకే పడింది.

"ఏమన్నాడమ్మా తెల్లాయన?"

"గుమాస్తాగారిదే తప్పన్నారు అవ్వా."

"తప్పెవురిదయితే నాకేంది తల్లీ. చేనిస్తానన్నాడా లేదా?"

"ఇవ్వరు."

ఆమె మెట్టు పట్టుకొని లేచి బస్సు వైపు నడిచింది. క్రోసూరు దగ్గర కూతురింటికి చేరి, ఆ వయసులో మిరపకాయలు కొయ్యటానికి కూలికి పోయిందని విన్నాను. మూడేళ్ళు బతికింది. ఆ నల్లరేగడి మీద ఇప్పుడు క్వారీ మట్టి గుట్టలున్నాయి. రాయి కోసం కూడా కాదు, మట్టి పొయ్యటానికి వాడుకున్నారు.

నేను ఉద్యోగం మానలేదు. మరో నాలుగేళ్ళు అదే బల్ల దగ్గర కూర్చున్నాను. మద్రాసు నుంచి మెప్పు కూడా వచ్చింది. ఇదంతా మా అమ్మకు చాలా ఏళ్ళకు చెప్పాను. "ఆయన దేవుడే. ఆడపిల్ల పరువు పోకుండా కాపాడినాడు" అని కళ్ళు తుడుచుకున్నది. కోర్టు ఆవరణ కథ ఎంత అబద్ధమో, మా ఇంటి కథా అంతే అబద్ధమని ఆమెతో పోట్లాడాను. కాపాడాడు, సరే. ఎవరి సొత్తు పెట్టి కాపాడాడు? ఆయన పోగొట్టుకున్నది తన ఉద్యోగం ఒక్కటే అయితే దేవుడనే అందాం. నన్ను కాపాడమని నేను అడగలేదు. వద్దనీ అనలేదు, అది వేరే సంగతి. ఆ సంగతిలో నాకు ఏ మినహాయింపూ అక్కర్లేదు.

తాలూకా ఆఫీసు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆయన వరండాలో కనిపించేవారు. "బాగున్నావా అమ్మాయ్" అనేవారు. ఒకసారి ధైర్యం చేసి, ఆ రోజు అలా ఎందుకు చెప్పారండీ అన్నాను. "ఏ రోజు?" అని, పక్కన కూర్చున్న రైతును తండ్రి పేరు అడిగి అర్జీ రాసుకుపోయారు. ఆయన పోయాక ఇంటికి వెళ్ళి ఆయన భార్యనూ అడిగాను.

"పిన్నిగారూ, ఆయనకు ఇంగ్లీషు చదవటమేనా, ఎదుటివాళ్ళు మాట్లాడితే అర్థం కూడా అయ్యేదా?"

"ఏమోనమ్మా. నాకు తెలుగులోనే ఏదీ చెప్పేవాడు కాదు" అన్నదామె.

అర్థం కాకపోయి ఉంటే, తన అబద్ధం వల్ల పోయేది తన కొలువొక్కటే అనుకున్నారు. అప్పుడు ఆమె చేను రెండోసారి పోగొట్టింది కూడా నేనే, నోరు తెరిచి ఒక్క వాక్యం మార్చి చెప్పక. అర్థమయి ఉంటే, డెబ్భై ఏళ్ళ మనిషి తిండినీ ఇరవై మూడేళ్ళ పిల్ల ఉద్యోగాన్నీ తూచి, ఎవరూ అడగకుండానే నా వైపు మొగ్గారు. ఈ రెంటిలో ఏది నిజమైతే నాకు నయమో కూడా నేను తేల్చుకోలేదు. నిజమేదో మాత్రం కావాలి. దొరతో ఆ తెల్లాయన అన్న మాట గుమాస్తాగారికి అర్థమయిందా, లేదా?